ప్రెస్సు సీసమూ, సైదులు బావా

పాత ప్రెస్సుల్లో అక్షరాలు పోతపోసిన లోహాన్ని మా వ్యాపారంలో ప్రెస్సు సీసం అంటారు. పేరుకు సీసమే గానీ అందులో తగరం ఉంటుంది, గట్టిదనం కోసం కలిపే ఆంటిమొనీ ఉంటుంది. ఏది ఏపాటి ఉందో చేత్తో, కంటితో, చెవితో తేల్చి దానికి ధర చెప్పడమే గుంటూరులో నేను బతుకంతా చేసిన పని. ఇప్పుడు మానేశాను. మోకాళ్లు సహకరించడం లేదు, సరుకూ పెద్దగా రావడం లేదు.

అయినా అప్పుడప్పుడు ఆటోనగర్ కుర్రాళ్లు ఫోన్ చేస్తుంటారు. ఎక్కడో మూతపడ్డ ప్రెస్సు గది తాళం తీశారని, అక్షరాల పెట్టెలు బయటపడ్డాయని, ఫొటో పంపుతాం ఏ రకమో చెప్పు బాబాయ్ అని అడుగుతారు. ఫొటోలో లోహం తెలియదు. అది ఒక మాట. రకం తెలిసినంత మాత్రాన ఈ పని తెలిసినట్టు కాదు. అది రెండో మాట. ఆ రెండో మాట ఫోన్‌లో చెప్పడం చేతకాక ఇది రాస్తున్నాను.

నాకు పని నేర్పింది మా అక్క మస్తానమ్మ మొగుడు సైదులు బావ. సీసం కరిగించే పొయ్యి దగ్గర నిలబడేది ఆయనే. ఇప్పుడు లేడు. నేను చెప్పబోయేది చాలావరకు ఆయనకు జరిగిందే.

దూది నుంచి సీసానికి

మేం దూదేకులవాళ్లం. మా నాయన దూది ఏకే విల్లు భుజాన వేసుకుని పల్లెలు తిరిగేవాడు. ఉండలు కట్టిన పరుపులు విప్పి, దూది ఏకి, మళ్లీ కుట్టి ఇచ్చేవాడు. పత్తి పండే నేల కాబట్టి పనికి కొదవ ఉండేది కాదు. ముందు కరెంటు మిషన్లు వచ్చాయి, తర్వాత ఫోము పరుపులు వచ్చాయి, ఆ పని పోయింది. అప్పటికే బావ పాత సామాన్ల వ్యాపారి నరసింహం గారి దగ్గర చేరి ఉన్నాడు. నన్నూ తీసుకెళ్లి అక్కడే పెట్టాడు.

నాయన ఒక్కటే అడిగాడు. దూది దుమ్ము పీల్చి పీల్చి నాకు ఈ దగ్గు పట్టుకుంది, మీ దగ్గర దుమ్ము ఉందా అని. సీసం బరువైంది మావయ్యా, గాల్లో ఎగరదు అని బావ నవ్వాడు. ఆయన నమ్మే ఆ మాట అన్నాడు. మాలో ఎవరికీ అంతకంటే తెలియదు.

బావ మెత్తని మనిషి. కుళాయి దగ్గర తగువు జరుగుతుంటే బిందె పక్కన పెట్టి, అందరూ పట్టుకున్నాక మిగిలిన నీళ్లు తెచ్చుకునేవాడు. అక్క ఆ సంగతి మీద రోజూ విసుక్కునేది. ఆయన వింటూ నవ్వేవాడు. శుక్రవారం సాయంత్రం తలంటుకుని అక్కను మొదటి ఆటకు తీసుకెళ్లి, హాల్లో కూర్చోగానే నిద్రపోయేవాడు. పొయ్యి దగ్గర నిలబడి నిలబడి అలిసిపోయిన ఒళ్లు అది. అక్క సినిమా చూసి, దారిలో కథంతా ఆయనకు చెప్పుకుంటూ వచ్చేది.

గోరు, చెవి, కాగితం

పనిలో నేర్చుకోవాల్సింది కొండంత ఏమీ లేదు. తొందరపడకపోతే చాలు.

ముందు గోరు. ఒట్టి సీసం మీద గోరు దిగుతుంది, అక్షరం మీద దిగదు. తర్వాత కాగితం. ఒట్టి సీసం కాగితం మీద పెన్సిల్‌లా గీత గీస్తుంది, అక్షరంతో గీస్తే చాయ కనపడీ కనపడనట్టు ఉంటుంది. తర్వాత చెవి. బండ మీద జారవిడిస్తే ఒట్టి సీసం దబ్బుమని ఊరుకుంటుంది. తగరం, ఆంటిమొనీ కలిసింది కాస్త మోగుతుంది. ఆఖరున విరిచి చూడాలి. పంక్తికీ పంక్తికీ మధ్య ఎడం కోసం పెట్టే పలచటి బద్దలు వంగుతాయి. చేత్తో పేర్చే అక్షరం వంగదు. సుత్తి దెబ్బకు పుటుక్కున విరిగి, విరిగిన చోట పంచదార పలుకుల్లా మెరుస్తుంది. అన్నిటికంటే విలువైన సరుకు అది. పెద్ద పత్రికల ప్రెస్సుల్లో పంక్తి మొత్తం ఒకే ముక్కగా పోసే మిషన్లు ఉండేవి. ఆ ముక్కలు చూడడానికి తళతళలాడతాయి. కానీ కరిగించిందే మళ్లీ మళ్లీ కరిగించి వాడతారు కాబట్టి తగరం తరిగిపోయి ఉంటుంది. మెరుపు చూసి ధర చెప్పినవాడు మునుగుతాడు.

బొమ్మలు వేసే బ్లాకులు జింకువి. పెళ్లికార్డు మీది కలశాలు, కర్మకాండ కార్డు మీది పెద్దాయన ముఖం, అన్నీ చెక్కకు మేకులు కొట్టిన జింకు రేకులే. వాటిని దూరంగా పెట్టాలి. ఒక్క రేకు బాండీలో పడినా మొత్తం లోహం జావలా చిక్కబడి అచ్చులో నిండదు. చేరిన కొత్తలో నా కళ్లు కప్పి ఒక రేకు పడనే పడింది. పొద్దుటినుంచి కరిగించిందంతా పాడైంది. బావ గరిటెతో పైకెత్తి చూసి, ఈ జావ ఎవరు తాగుతారురా ఇప్పుడు అని మాత్రం అన్నాడు. మళ్లీ ఆ ప్రస్తావన తేలేదు.

తడి ముక్క కరిగిన సీసంలో వేయకూడదు. అది బాంబులా లేచి మొహం మీదికి వస్తుంది. ఇది అందరూ మొదటిరోజే నేర్చుకుంటారు, ఎందుకంటే ఆ దెబ్బ వెంటనే తగులుతుంది. వెంటనే తగలని దెబ్బ గురించి మాకు చెప్పినవాళ్లు లేరు.

అది తెట్టులో ఉంది. లోహం కరుగుతున్నప్పుడు పైన మీగడలా బూడిదరంగు తెట్టు కడుతుంది. అందులో తగరం పోతుంది కాబట్టి పారేయడానికి మనసొప్పదు. మైనం ముక్క, రంపపు పొట్టు వేసి కలిపితే కొంత మళ్లీ లోహంలోకి దిగుతుంది. మిగిలింది పొడి. ఆ పొడిని ఆరబెట్టి, జల్లెడ పట్టి, పలుకులు ఏరి మళ్లీ కరిగించేవాళ్లు. జల్లెడ పట్టేది బావే. కనుబొమలు, ముక్కు వెంట్రుకలు బూడిదరంగుకు తిరిగేవి. సాయంత్రం ఆ బట్టలతోనే ఇంటికి వెళ్లేవాడు. అక్క వాటిని దులిపి, ఉతికి, పొద్దున్నకు ఆరేసేది.

నరసింహం గారు

నరసింహం గారు చెడ్డవాడు కాదు. ఈ మాట ముందే చెప్పాలి, లేకపోతే మీరు తేలిగ్గా ఒక మనిషిని నిందించేసి పక్కకు తప్పుకుంటారు.

కాటా దగ్గర ఆయన మోసం చేయగా నేను చూడలేదు. ప్రెస్సు యజమానిని పక్కనే నిలబెట్టి, ముల్లు ఆగాక మీరే చదవండి అనేవాడు. మూతపడ్డ ప్రెస్సుల వాళ్లు ఆయన దగ్గరికి రావడానికి అదొక కారణం. ఇంట్లో శవం ఉన్నట్టు ఉంటుంది ఖాసిం ఆ మనుషులకు, గట్టిగా మాట్లాడవద్దు అని నాకు చెప్పేవాడు. నేను ఎన్నో ప్రెస్సు గదుల్లోకి వెళ్లాను. ఆ మాట నిజం. అక్షరాలు గోనెసంచిలోకి వంచుతున్నప్పుడు వచ్చే చప్పుడుకు యజమానులు బయటికి వెళ్లిపోయేవాళ్లు.

సీసం ఒంట్లో చేరితే పాలు, బెల్లం, అరటిపండు విరుగుడని పాతకాలం ప్రెస్సుల్లో అనేవాళ్లు. ఆయనా అదే నమ్మి రోజూ మధ్యాహ్నం అందరికీ అరటిపండ్లు, బెల్లంముక్క, గ్లాసుడు పాలు తెప్పించేవాడు. మేం తిన్నాం. ఆ పండు ఒలిచిన వేళ్లకు తెట్టు పొడి అంటుకునే ఉండేది.

నా అంచనా ఏమిటంటే, ఎదురుగా కనపడే బాధ మీద ఆయనకు జాలి ఎక్కువ. కనపడని దాని గురించి అడిగి తెలుసుకునే ఓపిక తక్కువ. తెట్టులోనే మన మిగులు ఉంది సైదులూ అనేవాడు. అందులో ఇంకేముందో ఆయన అడగలేదు. మేమూ అడగలేదు.

పొదిలి సరుకు

పొదిలిలో ఒక పాత ప్రెస్సు ఉండేది. నడిపిన పెద్దాయన పోయాక కొడుకులు పొగాకు సేద్యంలో పడి గదికి తాళం వేశారు. పెంకులు జారి వాన లోపలికి దిగింది. చాలా ఏళ్ల తర్వాత తాళం తీస్తే అక్షరాల పెట్టెలన్నీ తెల్లటి పొడి పట్టి ఉన్నాయి. సున్నం చల్లినట్టు. ఒంగోలు నుంచి ఇద్దరు వ్యాపారులు వచ్చి చూసి, తుప్పుపట్టి పాడైంది, ఒట్టి సీసం ధర కూడా రాదు అని వెళ్లిపోయారట.

బావా నేనూ వెళ్లాం. నేను ఒక అక్షరం తీసి గుడ్డతో రుద్దాను. లోపల అంచు పదునుగా ఉంది. సుత్తితో విరిచాను. పంచదార పలుకు. ఇంకో పెట్టెలోంచి తీసి విరిచాను, అదే. వాన పైపొర తినేసింది గానీ లోపల సరుకు మేలైనది, ఎక్కువ వాడకుండానే మూతపడ్డ ప్రెస్సు కాబట్టి అక్షరం అరగలేదు. ఆ కొడుకులకు ఉన్నది ఉన్నట్టు చెప్పి మంచి ధర ఇచ్చాం. పెద్దవాడు మా చేతులు పట్టుకున్నాడు. నా వృత్తి మొత్తంలో అంత ఖచ్చితంగా చెప్పిన అంచనా ఇంకోటి లేదని ఇప్పటికీ అనుకుంటాను. అలా అనుకున్న ప్రతిసారీ బావ గుర్తొస్తాడు.

పెట్టెలు వంచి సంచుల్లోకి ఎత్తింది మేమే. తెల్లటి పొడి పిండిమరలో లేచినట్టు లేచింది. ఒకరి మొహం ఒకరం చూసి నవ్వుకున్నాం. ఎండాకాలం. పొదిలిలో జనం నీళ్లు కొనుక్కునే రోజులు. చేతులు కడుక్కోవడానికి బిందె నీళ్లు అడగడం బావకు మొహమాటం. పాపం వాళ్లు తాగే నీళ్లురా అన్నాడు. తువ్వాలుకు తుడుచుకుని, సంచుల మీదే కూర్చుని, అక్క కట్టిచ్చిన గోంగూర అన్నం తిన్నాం.

నరసింహం గారు సరుకు చూసి మురిసిపోయాడు. తెల్లపొడి కూడా పోనివ్వద్దు, అందులోనూ లోహం ఉందన్నాడు. ఆ ఎండాకాలమంతా రేకుల షెడ్డు కింద బావ పొదిలి సరుకు కరిగించాడు. తడి లేకుండా ముందు పొయ్యి చుట్టూ ఆరబోసేవాడు, పొడి జల్లెడ పట్టేవాడు, తర్వాత బాండీలో వేసేవాడు. నేను తెనాలి, చీరాల, నరసరావుపేట తిరుగుతూ వేరే ప్రెస్సుల సరుకు చూస్తున్నాను. ఆ పొయ్యి దగ్గర ఆయన ఒక్కడే.

మనిషి మారాడు

వానలు మొదలయ్యేసరికి కడుపునొప్పి పట్టుకుంది. మెలికలు తిరిగిపోయేవాడు. గ్యాస్ అని ఒక డాక్టరు మాత్రలిచ్చాడు. పేగు మడతపడిందేమో అని ఇంకో డాక్టరు ఫొటోలు తీయించాడు. అన్నం సయించలేదు. మొహం పాలిపోయింది. నోట్లో తియ్యగా, ఇనుము నాకినట్టు ఉందనేవాడు.

దానికంటే పెద్ద సంగతి, ఆయన కోపిష్టి అయ్యాడు. ఉప్పు ఎక్కువైందని కంచం విసిరేశాడు. వీధిలో పిల్లలు బంతి ఆడుతుంటే వెంటపడి అరిచాడు. ఒకరోజు ఇంటికి వస్తూ మా వీధి మలుపు మర్చిపోయి మిర్చి యార్డు దాకా నడిచి వెళ్లాడు. తాగుడు అలవాటైందని వీధి మొత్తం అనేసింది. అక్క ఆయన పడుకున్నాక నోరు వాసన చూసేది. ఏ వాసనా లేదు. అది ఆమెను ఇంకా భయపెట్టింది. తాగి అరిస్తే దిగాక మారతాడని ఆశ ఉంటుంది. మా నాయన పెద్దమనుషులను పిలిచి కూర్చోబెట్టి చీవాట్లు పెట్టించాడు. బావ తల వంచుకుని విన్నాడు. ఇంటికి వచ్చి గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

అంతకుముందే అక్కకు రెండుసార్లు కడుపు నిలవలేదు. బావ తల్లి అది అక్క కడుపు దోషం అనేది. ఇప్పుడు కొడుకు మారిపోవడం కూడా ఆ దిగులుతోనే అంది. తప్పు తిరిగి తిరిగి అక్క మీదికే వచ్చింది. ఆమె బట్టలు మూట కట్టుకుని మా ఇంటికి వచ్చేసింది.

నేను బావ దగ్గరికి వెళ్లి అడిగాను, ఎందుకిలా చేస్తున్నావని. ఆయన అన్నాడు: "కోపం ఎందుకొస్తుందో నాకే తెలియదురా ఖాసిం. ఎవడో అరుస్తుంటే పక్కన నిలబడి చూస్తున్నట్టుంటుంది."

ఆ మాట నేను అక్కకు చెప్పాను. ఆ సాయంత్రమే ఆమె మూట తీసుకుని వెనక్కి వెళ్లిపోయింది. మళ్లీ ఎప్పుడూ ఆ ఇల్లు వదల్లేదు.

చిగుళ్లు

ఒకరోజు పొయ్యి దగ్గర గరిటె బావ చేతిలోంచి జారింది. పాదం మీద కొద్దిగా కాలింది. గరిటె తీయబోతే కుడి మణికట్టు లేవలేదు. చేయి ముందుకు చాపితే అరచెయ్యి వాడిపోయిన ఆకులా కిందికి వేలాడింది. నెల తిరక్కముందే ఎడమదీ అంతే. పక్షవాతం అన్నారు. కాలికి, మూతికి రాకుండా రెండు మణికట్లకే పక్షవాతం ఎలా వచ్చిందని అడిగే తెలివి మాకు లేదు.

ఆయనను చూసిన డాక్టర్లలో ఆఖరున చూసింది ఒక చిన్నవయసు డాక్టరమ్మ. ఆమె చేతులు చూసింది, మొహం చూసింది, తర్వాత మామూలుగా అడిగింది.

"ఏం పని చేస్తారు మీరు?"

"సీసం కరిగిస్తానమ్మా. ప్రెస్సు సీసం."

ఆమె లేచి వచ్చి బావ కింది పెదవి వేలితో లాగి చూసింది. చిగుళ్ల వెంబడి, పళ్లు మొదలయ్యే చోట, నీలం సిరాతో గీసినట్టు ఒక గీత. నన్నూ పిలిచి పెదవి లాగి చూసింది. నాకు లేదు. రక్తపరీక్షకు రాసింది. ఇది సీసం విషం, కడుపునొప్పి, కోపం, మతిమరుపు, ఈ చేతులు అన్నీ దానివల్లే అయి ఉంటాయి, ఇవాళ్టి నుంచి పొయ్యి దగ్గరికి వెళ్లకూడదు అని చెప్పింది. దుమ్ములో ఉంటుందని, చేతుల ద్వారా అన్నంలోకి, బట్టల ద్వారా ఇంట్లోకి వస్తుందని విడమరిచి చెప్పింది.

తర్వాత అక్కను అడిగింది, ఇంట్లో చిన్నపిల్లలున్నారా అని.

"లేరమ్మా. రెండుసార్లు నిలవలేదు."

డాక్టరమ్మ చేతిలో పెన్ను పక్కన పెట్టింది. ఈయన బట్టలు ఎవరు ఉతుకుతారని అడిగింది. నేనే అంది అక్క. దులిపి ఉతుకుతారా అని అడిగింది. దులిపే అంది అక్క. అప్పుడు అక్క తనే అడిగింది, దానివల్లనా అమ్మా అని. ఖాయంగా చెప్పలేనమ్మా, ఉండొచ్చు అంది డాక్టరమ్మ.

ఆ 'ఉండొచ్చు'తోనే అక్క మిగిలిన రోజులన్నీ గడుపుతోంది. ఒక్కోరోజు దానివల్లే అనుకుని, తన కడుపులో దోషం లేదని ఊరట పడుతుంది. ఒక్కోరోజు దానివల్లే అనుకుని, చేతులారా దులిపానని ఏడుస్తుంది.

రక్తపరీక్ష డాక్టరమ్మ అనుమానాన్ని నిజం చేసింది. రక్తంలో సీసం తగ్గే మందు ఎక్కించారు. కడుపునొప్పి తగ్గింది. కోపం తగ్గింది. ఒక ఉదయం బావ అక్కను చూసి, నిన్ను చాలా మాటలన్నానా అని అడిగాడు. లేదులే అంది అక్క. చేతులు మాత్రం పూర్తిగా లేవలేదు.

ఆ నీలం గీత ఎన్నాళ్లుగా ఉందో తెలియదు. రోజూ పొద్దున్నే వేపపుల్లతో పళ్లు తోముకునే మనిషి, ఎదురుగా అద్దం. మేమంతా ఆయన నవ్వు చూసినవాళ్లమే. లోహం మీద వెంట్రుకంత గీత చూసి రకం చెప్పేవాణ్ణి నేను.

పొయ్యి చోటు మారింది

నరసింహం గారికి ఈ సంగతి చెప్పినప్పుడు ఆయన కాటా పక్కన గోనెల మీద కూలబడ్డాడు. నేను అరటిపండ్లు పెట్టాను కదరా అన్నాడు. ఆ మాటలో మోసం లేదు. వైద్యం ఖర్చంతా తనే పెట్టుకున్నాడు. పొయ్యి పడగొట్టించాడు. ఆ తర్వాత ప్రెస్సు సీసాన్ని కరిగించకుండా సంచులతోనే దూరంగా ఒక బట్టీకి అమ్మడం మొదలుపెట్టాడు. అలా గుంటూరులో మా పొయ్యి ఆరింది. సీసం కరగడం ఆగలేదు, ఇంకో ఊళ్లో ఇంకొకడు గరిటె పట్టుకున్నాడు.

సరుకు దింపడానికి ఒకసారి నేనే ఆ బట్టీకి వెళ్లాను. పొయ్యి దగ్గర మూతికి తువ్వాలు కట్టుకున్న మనిషి, మధ్యవయసు వాడు, జల్లెడ పడుతున్నాడు. నేను ఆగి బావ సంగతంతా చెప్పాను. చిగుళ్లు చూసుకో అన్నాను. అతను ఓపిగ్గా విన్నాడు.

"మానేస్తాలే అన్నా. నా ఇంటికి బియ్యం నువ్వు పంపుతావా?" అన్నాడు.

వెటకారంగా అనలేదు, నిజంగానే అడిగాడు. నేను వెళ్లి లారీ ఎక్కాను.

బావ కూడా కొంచెం తేరుకున్నాక ఆ మాటే ఇంకోలా అన్నాడు. ఊరికే కూర్చుని తినడం ఆయనకు కష్టమైంది. ఆ బట్టీకి పోయి పక్కన నిలబడి చెబుతా, చేసేవాడు చేస్తాడు, మూతికి గుడ్డ కట్టుకుంటా అన్నాడు. అక్క అన్నం వారుస్తోంది. వెనక్కి తిరగకుండానే చెప్పింది: "నువ్వు పోతే నేనూ వస్తా. ఆ గాలేదో ఇద్దరం కలిసే పీలుద్దాం."

ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

నేను మాత్రం అప్పట్లో అంచనాలు కట్టే పని వదల్లేదు. వదిలేశానని చెప్పుకుంటే బాగుండేది, కానీ నాకు తెలిసింది అదే. పద్ధతి మార్చుకున్నాను. తెల్లపొడి పట్టిన సరుకైతే ముందు నీళ్లు చల్లించి, దుమ్ము లేవకుండా తడిసంచుల్లో ఎత్తించేవాణ్ణి. తెట్టు పొడికి నేను ధర చెప్పలేదు, ఎవరెంత అడిగినా. ఆ ఊళ్లో నీళ్లు కొనాల్సి వస్తే కొని చేతులు కడిగాకే అన్నం ముట్టాను. పని బట్టలు ఇంటి గడప దాటనివ్వలేదు.

మీరు నేర్చుకోవాల్సింది ఈ జాగ్రత్త. గోటి పరీక్ష ఒక్క రోజులో వస్తుంది. ఇది రాదు. ఎందుకంటే చెయ్యకపోయినా ఆరోజు ఏమీ కాదు. మూతికి కట్టే తువ్వాలు దీనికి చాలదు. వంటపొయ్యి దగ్గరో, పెరట్లోనో కరిగిద్దామనుకునే వాళ్లుంటే ఆ ఆలోచన మానుకోండి, పక్కింటి పిల్లలకు కూడా అది అన్నం పెడుతుంది, విషపు అన్నం. ఒంట్లో నలతగా ఉండి డాక్టరు దగ్గరికి వెళితే, ఎక్కడ నొప్పో చెప్పే ముందు ఏం పని చేస్తారో చెప్పండి. ఆయన అడగకపోయినా చెప్పండి.

చేతులు

బావ ఆ తర్వాత కొన్నేళ్లు ఉన్నాడు. సంపాదన కోసం అక్క మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్లింది. గుంటూరులో ఆడవాళ్లకు ఎప్పుడంటే అప్పుడు దొరికే పని అది. కాయల రాశి ముందు కూర్చుని పొద్దస్తమానం తొడిమ తుంచడమే. సాయంత్రానికి చేతులు కొరివిలా మండుతాయి. కొబ్బరినూనె రాసుకున్నా, మజ్జిగలో ముంచినా, కడిగినా ఆ కారం గోళ్లలో, వేళ్ల సందుల్లో మర్నాటిదాకా ఉంటుంది. ఆ చేత్తో కన్ను తుడుచుకుంటే ఇక అంతే.

అందుకని ఆమె ఆయనకు చెంచాతో తినిపించేది. ముద్ద కలిపి పెట్టడానికి వీల్లేదు. ఆయనకు కంట్లో నలక పడితే తీయడానికి నన్ను కేకేసేది, లేదా పక్కింటి ఆవిడను. ఇద్దరూ పక్కపక్కనే కూర్చునేవాళ్లు. ఆయన చేతులు లేవవు, ఆమె చేతులు ఆయన మొహం మీదికి రావు. దాని గురించి ఇద్దరూ ఏమీ అనుకోలేదు. అదొక అలవాటైపోయింది.

కిడ్నీలు చెడిపోయాయి. ఆఖరి రోజుల్లో నేను ఆయన దగ్గరే ఉన్నాను. ఒక మధ్యాహ్నం, అక్క పనిలో ఉండగా, మంచినీళ్లు అడిగి రెండు గుక్కలు తాగాడు. తర్వాత శ్వాస ఆగిపోయింది. కళ్లు తెరిచే ఉన్నాయి. నేను పక్కింటివాళ్లను అక్క కోసం పంపాను. ఆమె వచ్చేదాకా ఆ కళ్లు మూయడానికి నాకు మనసొప్పలేదు. చివరిసారి ఆమె మూస్తుందని అనుకున్నాను.

అక్క చీరంతా ఎర్రటి దుమ్ముతో, దగ్గుతూ వచ్చింది. మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. ఆయన మొహం మీదికి చెయ్యి చాపి, దగ్గరిదాకా తెచ్చి ఆపేసింది. తన వేళ్లు చూసుకుంది.

"కారం చేతులురా ఖాసిం," అంది. "నువ్వు మూయి."

ఆయనకు ఇంకా మండుతుందా అక్కా అని నేను అనలేదు. మూశాను.

ఆమె లేచి పెరట్లోకి వెళ్లింది. నూనె సీసా చప్పుడు, తర్వాత నీళ్ల చప్పుడు వినపడ్డాయి. బంధువులు ఒక్కొక్కరే వచ్చి గది నిండారు. ఆమె ఇంకా కడుగుతూనే ఉంది. చాలాసేపటికి తడిచేతులతో లోపలికి వచ్చి, కొంగుకు తుడుచుకుని, వాసన చూసుకుని, అప్పుడు ఆయన చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుంది.